తెలిసిందని తెలిసేదెలా

కారణాంకాల విభజన 96 శాతం. రెండు చరరాశుల్లో రేఖీయ సమీకరణాలు 41 శాతం. తొమ్మిదో తరగతి పిల్లల పేర్ల పక్కన ఇలాంటి అంకెలు రోజూ నా ముందుకొస్తాయి. పిల్లలు ట్యాబ్ మీద లెక్కలు చేస్తారు. సాఫ్ట్‌వేర్ వాటిని దిద్ది, ఎవరికి ఏ అంశం ఎంతవరకు వచ్చిందో చెప్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో చాలా ప్రభుత్వ ఉన్నత పాఠశాలల్లో ఈ పద్ధతి నడుస్తోంది. నేను కర్నూలు జిల్లా పడమటి మండలాల్లో, ఆదోని అవతల, ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో గణితం స్కూల్ అసిస్టెంట్‌ని. ఆ అంకెల వల్ల ఉపయోగం ఉందా లేదా అన్న చర్చ మా స్టాఫ్ రూములో చాలాసార్లు జరిగింది. నన్ను వదలని ప్రశ్న వేరు. ఇంకొకరి లోపల ఉన్న జ్ఞానం గురించి బయటివాళ్ళం ఏమైనా చెప్పగలమా? చెప్తే ఏ ఆధారంతో చెప్తున్నాం?

మా నాన్న ప్రాచ్య కళాశాలలో సంస్కృతం బోధించేవారు. వేసవి సెలవుల్లో నన్ను కూర్చోబెట్టి తర్కసంగ్రహం చెప్పారు. అది రాసిన అన్నంభట్టు 17వ శతాబ్దపు తెలుగువాడు. కాశీ వెళ్ళొచ్చిన ప్రతివాడూ అన్నంభట్టు అయిపోడని పండితులు చెప్పుకునేంత పేరున్నవాడు. పుస్తకం చిన్నది, చదివే పిల్లల కోసం రాసింది. ట్యాబ్‌లు మా బడికి వచ్చాక, ఆ పుస్తకాన్ని మళ్ళీ తీసి చదువుకుంటున్నాను.

నైయాయికుల, అంటే న్యాయ దర్శనం వాళ్ళ, లెక్కలో జ్ఞానం నిలవదు. 'ఇది కుండ' అన్న ఎరుక పుట్టి, రెండు మూడు క్షణాల్లో పోతుంది. మరి నిన్న నేర్చుకున్నది ఇవాళ ఎలా గుర్తొస్తుంది? పోతూ పోతూ ఆ జ్ఞానం ఆత్మలో ఒక ముద్ర వదిలి వెళ్తుంది. దాన్ని భావన అనే సంస్కారం అన్నారు. ఆ ముద్ర ఎవరికీ కనపడదు. ఎవరిలో ఉందో వాళ్ళకి కూడా కనపడదు. జ్ఞాపకం వచ్చినప్పుడు, వచ్చిన జ్ఞాపకాన్ని బట్టి, ముద్ర ఉండి ఉండాలని అనుమానించాలి. కొండ మీద పొగ చూసి నిప్పును అనుమానించినట్టే. (శాస్త్రంలో అనుమానం అంటే సందేహం కాదు, హేతువును బట్టి తెలుసుకోవడం.) 'ఈ పిల్లకు కారణాంకాల విభజన వచ్చు' అని నేను రిజిస్టరులో రాస్తున్న సమయానికి ఆ పిల్ల మధ్యాహ్న భోజనం వరుసలో కంచం పట్టుకుని నిలబడి ఉండొచ్చు. అప్పుడామె మనసులో ఏ విభజనా లేదు. ఉన్నది సంస్కారమే. అంటే టీచరు రాసే మార్కులు, ట్యాబ్ చూపే శాతాలు అన్నీ కనపడని దాని గురించి చేసిన అనుమానాలు.

కంప్యూటర్లు చేసే అనుమానానికి పునాది వేసినవాళ్ళు ఇది స్పష్టంగా ఒప్పుకున్నారు. అమెరికాలో పిట్స్‌బర్గ్‌లోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో ఆల్బర్ట్ కార్బెట్, జాన్ ఆండర్సన్ అనే పరిశోధకులు 1990ల నడుమ ఒక లెక్క ప్రచురించారు. నాలెడ్జ్ ట్రేసింగ్ అని దానికి పేరు. మొదట ప్రోగ్రామింగ్ పాఠాలకు కట్టిన ఆ పద్ధతి, అదే విశ్వవిద్యాలయం నుంచి పిట్స్‌బర్గ్ హైస్కూళ్ళకు వెళ్ళిన బీజగణితం సాఫ్ట్‌వేర్ వంశంలో స్థిరపడింది. ప్రతి నైపుణ్యం పిల్లలో ఉందో లేదో రెండే స్థితులనీ, ఆ స్థితి పైకి కనపడదనీ, కనపడేది జవాబు మాత్రమేననీ ఆ లెక్క ముందే చెప్పుకుంటుంది. ఆ తరవాత నాలుగు అంకెలు తీసుకుంటుంది: మొదటే వచ్చి ఉండే అవకాశం, ఒక్కో ప్రయత్నంలో నేర్చుకునే అవకాశం, రాకపోయినా ఊహించి సరిగ్గా కొట్టే అవకాశం, వచ్చినా చెయ్యిజారి తప్పు చేసే అవకాశం.

చివరి రెండూ చూసినప్పుడు నాకు నాన్న చెప్పిన హేత్వాభాసాలు గుర్తొచ్చాయి. హేతువులా కనపడుతూ హేతువు కానివి ఐదు రకాలు, వాటిలో మొదటిది సవ్యభిచారం. సాధించదలచినది లేని చోట కూడా కనపడే హేతువు అది. 'జవాబు సరిగ్గా ఉంది కాబట్టి జ్ఞానం ఉంది' అంటే, నాలుగు ఆప్షన్లలో కళ్ళు మూసుకుని ఒకటి నొక్కినవాడికీ పాతిక శాతం అవకాశం ఉంది కదా. 'జవాబు తప్పు కాబట్టి జ్ఞానం లేదు' అంటే, మైనస్ గుర్తు మర్చిపోయిన తెలివైన పిల్ల సంగతి? రెండు వైపులా వ్యభిచారమే. పిట్స్‌బర్గ్ పరిశోధకులు ఆ రెండు లోపాలనూ దాచకుండా లెక్కలోనే పెట్టుకున్నారు. ఆ నిజాయితీ నాకు నచ్చింది.

మా తోటి మాస్టారొకరు ఆ ట్యాబ్‌ను చిత్రగుప్తుడి చిట్టా అంటారు. చేసిన ప్రతి తప్పూ అందులో పడుతుందని ఆయన బాధ. పునాది లెక్క వరకు నేను ఆ మాట ఒప్పుకోను. వంద మంది పిల్లల్ని తీసుకుందాం. 40 మందికి అంశం వచ్చు, 60 మందికి రాదు. ఊహించి కొట్టే అవకాశం నూటికి 25, చెయ్యిజారడం నూటికి 10, ఒక్కో ప్రయత్నంలో నేర్చుకోవడం నూటికి 20 అనుకుందాం. వచ్చిన 40 మందిలో నలుగురు జారతారు. రాని 60 మందిలో 45 మంది తప్పు చేస్తారు. మొత్తం 49 తప్పుల వెనక వచ్చినవాళ్ళు నలుగురు. అంటే తప్పు చేసిన పిల్లకు ఆ అంశం వచ్చి ఉండే అవకాశం 8 శాతానికి పడిపోతుంది. కానీ లెక్క అక్కడ ఆగదు. ఈ తప్పు చేస్తూనే నేర్చుకుని ఉండొచ్చు కదా అని, మిగిలిన 92లో ఐదో వంతు తెచ్చి కలుపుతుంది. అంకె 26 దాటుతుంది. అదే సరైన జవాబు అయితే 76కి చేరుతుంది. 95 చేరితే వచ్చినట్టే అని సాధారణంగా తీసుకుంటారు.

ఇందులో నన్ను కదిలించిన విషయాలు రెండు. తప్పు చేసిన క్షణంలోనే నేర్చుకుని ఉండొచ్చన్న ఆశను ఈ లెక్క ప్రతిసారీ జమ వేస్తుంది. రెండోది, తరవాతి జవాబు వచ్చేసరికి పాత జవాబులేవీ దానికి అక్కర్లేదు. ఏ దారిన వచ్చినా, ఎన్ని తప్పుల మీదుగా వచ్చినా, ఇప్పుడున్న అంకె ఒక్కటే ముందుకు వెళ్తుంది. చిత్రగుప్తుడు అలా చెయ్యడు. ప్రాయశ్చిత్తం తరవాత పాపం లెక్కలోంచి పోతుందని ధర్మశాస్త్రాలు చెప్పాయే, ఈ లెక్క దానికి దగ్గరగా ఉంది. చిట్టా మొదలయ్యేది ఆ అంకెలను ముద్రించి, తేదీలు వేసి, సమీక్షా సమావేశానికి పట్టుకెళ్ళినప్పుడు. ఆ పని మనుషులు చేస్తారు.

ఇక మా పిల్లల దగ్గరికి వస్తాను. మా మండలాల నుంచి ప్రతి ఏటా వందల కుటుంబాలు గుంటూరు, పల్నాడు వైపు మిరప కోతలకు వలస వెళ్తాయి. కొందరు పిల్లల్ని సీజనల్ హాస్టల్లో వదిలి వెళ్తారు, కొందరు వెంట తీసుకెళ్తారు. వెంట వెళ్ళినవాళ్ళలో ఒక తొమ్మిదో తరగతి పిల్ల. సంక్రాంతి అయ్యాక వెళ్ళి ఉగాదికి వచ్చింది. వెళ్ళేముందు ట్యాబ్‌లో ఆమె కారణాంకాల విభజన 96. వచ్చాక కూడా 96. నేను చెప్పిన పునాది లెక్కలో మరుపుకు చోటు లేదు. ఒకసారి వచ్చింది పోదని దాని ఊహ. తరవాతి పరిశోధకులు మరుపును కలిపారు గానీ మా తెర మీద ఆ అంకె కదల్లేదు. రాత పరీక్షలో మాత్రం ఆ పిల్ల కాగితం దాదాపు ఖాళీ. బోర్డు దగ్గరికి పిలిచి ఎక్స్ వర్గం + 7 ఎక్స్ + 12 రాసి చెయ్యమన్నాను. సుద్దముక్క పట్టుకుని నిలబడింది.

"మర్చిపోయినా మేడం."

"పోనీలే పాపా. రెండంకెలు చెప్పు. కూడితే 7 రావాల, గుణిస్తే 12 రావాల."

"మూడూ నాలుగూ," అంది వెంటనే. ఇంకో మాట నేను అనకముందే, 7 ఎక్స్‌ను 3 ఎక్స్, 4 ఎక్స్‌గా విడగొట్టి, ఉమ్మడి పదం బయటికి తీసి, చివరిదాకా చేసేసింది. ఆ వెంటనే ఇంకోటి అడిగి చేసింది.

ఇప్పుడు ఎవరి మాట నిజం? ఖాళీ కాగితం మాటా, 96 మాటా? సంస్కారం ఉన్నంత మాత్రాన జ్ఞాపకం రాదనీ, దాన్ని లేపే ఉద్బోధకం ఒకటి కావాలనీ నైయాయికులు చెప్పారు. పోలిక ఉన్న వస్తువు ఎదురుకావడం, చింతన, అదృష్టం, ఇలా కొన్నింటిని పేర్కొన్నారు. దీర్ఘకాలం గడిస్తే సంస్కారం చెరిగిపోవచ్చని కూడా ఒప్పుకున్నారు. కాబట్టి తప్పు జవాబుకు కనీసం రెండు కారణాలుండొచ్చు: ముద్ర చెరిగిపోయింది, లేదా ముద్ర ఉంది, లేపేది దొరకలేదు. పరీక్ష కాగితం ఈ రెండింటినీ కలిపి సున్నా వేస్తుంది. ఆ నాలుగు అంకెల లెక్కకు కూడా ఈ తేడా చెప్పే అంకె లేదు. కానీ ఆ రోజు, రెండు మూడు నెలల పొలం పని తరవాత కూడా ఆ పిల్లలో విద్య ఉందని పట్టుబట్టి నిలబడింది యంత్రమే. తెలియక నిలబడినా, నిలబడింది. లేపవలసిన పని నాది. ఉపాధ్యాయ వృత్తిలో అసలు పని ఇదేనని నాకు ఏళ్ళు గడిచేకొద్దీ గట్టిపడుతోంది. పాఠం చెప్పడం కంటే, ఏ ప్రశ్న అడిగితే ఏ పిల్లలో ఏది లేస్తుందో తెలిసి ఉండడం కష్టం.

ఇంకో పిల్లవాడి సంగతి దీనికి పూర్తిగా వేరు. అదే అధ్యాయంలో అతనికి 97. కానీ నోట్‌బుక్కులో ఎక్కడా మధ్య పదాన్ని విడగొట్టిన ఆనవాలు లేదు. ఎట్ల చేసినావురా అని అడిగాను.

"ఎక్స్‌కి ఒకటి పెట్టి చూసినా మేడం. లెక్కలో 20 వచ్చె. నాలుగు ఆప్షన్లలో ఒకదానికే 20 వచ్చె."

1 + 7 + 12 = 20. (ఎక్స్ + 3)(ఎక్స్ + 4)లో పెడితే 4 × 5 = 20. (ఎక్స్ + 2)(ఎక్స్ + 6) అయితే 21, (ఎక్స్ + 1)(ఎక్స్ + 12) అయితే 26. అతను చెప్పింది నిజం. అది ఊహించి కొట్టడం కాదు. సాఫ్ట్‌వేర్ కొలిచాననుకున్న నైపుణ్యం కూడా కాదు. నేనొక ఆప్షన్ రాసిచ్చాను: (ఎక్స్ + 1)(ఎక్స్ + 9). ఒకటి పెడితే దానికీ 20 వస్తుంది. కాసేపు తికమకపడి, రెండు పెట్టాడు. ఒకదానికి 30, ఇంకోదానికి 33. నవ్వాడు. అప్పుడడిగాను, ఎన్ని అంకెలు పెట్టి చూస్తే ఇక అనుమానం అక్కర్లేదు అని. రెండు వర్గ బహుపదులు మూడు వేర్వేరు విలువల దగ్గర ఒకటే అయితే అవి అన్ని చోట్లా ఒకటే. దానికి కారణం వెతకమని పంపాను. అతనిలో ఉన్నది విభజన కంటే పెద్ద విద్యకు మొలక. దానికి తెర మీద గడి లేదు. అతనికి రాని విభజనకు మాత్రం 97 ఉంది.

జ్ఞానం ఉన్నా జవాబు రాకపోవడానికి సరిపోయే ఉదాహరణ కూడా న్యాయశాస్త్రంలో ఉంది. నిప్పు ఉంది కాబట్టి పొగ ఉంది అనకూడదు. కాలిన ఇనుప గుండులో నిప్పుంది, పొగ లేదు. పొగ రావాలంటే తడి కట్టె కూడా ఉండాలి. ఆ తడి కట్టెను ఉపాధి అన్నారు. జ్ఞానం ఉన్నంత మాత్రాన సరైన జవాబు రాదు, దానికీ తడి కట్టెలున్నాయి. మా సరిహద్దు ఊళ్ళలో ఇంట్లో కన్నడం మాట్లాడే పిల్లలు, ఉర్దూ మాట్లాడే పిల్లలు ఉన్నారు. రేఖీయ సమీకరణాల్లో పదసమస్య పొడుగ్గా ఉంటే చదవడం దగ్గరే ఆగిపోతారు. 41 శాతం వెనక కొన్నిసార్లు ఉన్నది బీజగణితం కాదు, వాక్యం. పొద్దున అన్నం తినకుండా వచ్చిన పిల్లకు ఇంకో ఉపాధి. ఉపాధిని వెతకాలంటే పిల్ల పక్కన కూర్చుని, ఆమె చెయ్యి ఎక్కడ ఆగుతుందో చూడాలి.

యంత్రాన్ని పక్కన పెట్టమని నేను అనడం లేదు. కార్తీక్ మురళీధరన్, అభిజీత్ సింగ్, అలహాంద్రో గానిమియన్ ఢిల్లీలో 619 మంది పిల్లలతో చేసిన అధ్యయనం 2019లో అచ్చయింది. అక్కడ ఆరో తరగతి పిల్లలు గణితంలో సగటున రెండున్నర తరగతులు వెనకబడి ఉన్నారు. తొమ్మిదికి వచ్చేసరికి ఆ దూరం నాలుగున్నర తరగతులు. ఎవరు ఎక్కడున్నారో కొలిచి అక్కడి నుంచే లెక్కలిచ్చిన సాఫ్ట్‌వేర్‌తో, నాలుగున్నర నెలల్లో పిల్లలు గణితంలో గట్టిగా ముందుకు వచ్చారు. తొమ్మిదో తరగతి పుస్తకం తెరిచి, ఐదో తరగతి దగ్గరున్న పిల్లకు పాఠం చెప్పి, సిలబస్ పూర్తయిందని సంతకం పెట్టడం జ్ఞానం కాదు. నలభై మందిలో ఎవరు ఎక్కడున్నారో ఒక మనిషి రోజూ పట్టుకోవడం కష్టం. ఆ చూపు యంత్రం ఇస్తోంది. స్టాన్‌ఫోర్డ్‌లో 1960లలోనే టెలిటైపు యంత్రాలతో పిల్లలకు లెక్కలు చేయించిన పాట్రిక్ సప్పీస్ వృత్తిరీత్యా తత్వవేత్త. అలెగ్జాండర్‌కు అరిస్టాటిల్ దొరికినట్టు ప్రతి బిడ్డకూ ఒక గురువు దొరకాలన్నది ఆయన ఆశ. మా ఊరి పిల్లల విషయంలో ఆ ఆశను కాదనే హక్కు నాకు లేదు.

కానీ గురువుకూ పరీక్షకుడికీ తేడా ఉంది. ఇక్కడ మన శాస్త్రాల్లో పాత తగవు ఒకటి నాకు దారి చూపింది. తనకు ఎరుక కలిగిందని మనిషికి లోపల తెలుస్తుంది. ఆ ఎరుక సరైనదో కాదో మాత్రం బయటి ఆధారంతో తేల్చాలని నైయాయికులు అన్నారు. దూరాన నీళ్ళు కనిపించాయి, వెళ్ళి తాగితే దాహం తీరింది, అప్పుడు అది నిజమైన జ్ఞానం. మీమాంసకుడు కుమారిల భట్టు మతం వేరు. జ్ఞానం పుట్టడంతోనే ప్రమాణం. దాన్ని కొట్టేసే ఇంకో జ్ఞానం వచ్చేదాకా, లేదా అది పుట్టిన చోట దోషం బయటపడేదాకా, నమ్మాలి. సాఫ్ట్‌వేర్ నిండా నైయాయికమే. పిల్ల 'వచ్చు' అంటే దానికి పట్టదు, చేసి చూపిస్తేనే అంకె కదులుతుంది. అలాగే ఉండాలి కూడా, ఎందుకంటే 'అర్థమైందా' అంటే 'అర్థమైంది మేడం' అని క్లాసంతా అంటుంది, అందులో సగం నా మీద గౌరవంతో అన్నది. అయినా తరగతి గదిలో మొదటి అడుగు కుమారిలుడిదే కావాలి. 'ఇది నాకొచ్చు మేడం' అన్న పిల్లను నమ్మి తరవాతి లెక్క ఇవ్వాలి. నేను నమ్మానా లేదా అన్నది ఆ పిల్ల నేర్చుకోవడానికి కారణాల్లో ఒకటి. నమ్మితే ఇంకో పది నిమిషాలు కుస్తీ పడుతుంది, నమ్మకపోతే పుస్తకం మూసేస్తుంది. కొండ మీద నిప్పుకు మనం నమ్ముతున్నామో లేదో తెలియదు, పిల్లకు తెలుస్తుంది. యంత్రం నమ్మకపోయినా పిల్ల నొచ్చుకోదు, కానీ ఆ అంకె నా కళ్ళలోంచి ఆమెకు చేరితే నొచ్చుకుంటుంది.

నన్ను అన్నింటికంటే బాధపెట్టే విషయం చెప్తాను. శాతాలను బట్టి పిల్లల్ని ఎ, బి, సి గుంపులు చేస్తున్నారు. వెనకబడినవాళ్ళకు అదనంగా చెప్పడం కోసమే ఆ ఏర్పాటు. కానీ సమావేశాల్లో "సి పిల్లలు ఎంతమంది" అన్న మాట మామూలైంది. మొన్న ఒక పిల్లవాణ్ణి ముందు బెంచీలోకి రమ్మంటే, "నేను సి మేడం" అన్నాడు. తర్కసంగ్రహం మొదటి పుటల్లోనే పదార్థాలను విడగొడతారు: ద్రవ్యం వేరు, గుణం వేరు. ఆత్మ ద్రవ్యం. జ్ఞానం అందులో పుట్టి పోయే గుణం. జ్ఞానం తక్కువైనంత మాత్రాన ఆత్మ తక్కువ కాదు. అంకె చెప్పగలిగింది గుణం గురించి, అదీ అనుమానంగా. 'సి' అన్నది ఆ పిల్లవాడి పేరయిపోయింది. నేను రోజూ దీపం పెట్టుకునే మనిషిని. నా ముందు కూర్చున్న ప్రతి పిల్లలోనూ ఏ కొలతకూ లొంగని ఆత్మ ఉందని నమ్ముతాను. మా క్లాసులో ముస్లిం పిల్లలు, క్రైస్తవ పిల్లలు ఉన్నారు. ఆ ఇళ్ళల్లో ఇదే మాట రూహ్ అనో, దేవుడు ఊదిన ఊపిరి అనో చెప్తారు. ఏ ఇంట్లోనూ బిడ్డ సి కాదు.

అందుకని అధికారులకు రాసిచ్చిన వినతి ఇక్కడ కూడా రాస్తున్నాను. ఇప్పుడు దేశంలో ప్రతి విద్యార్థికీ 12 అంకెల అపార్ సంఖ్య ఇస్తున్నారు. జీవితాంతం అదే సంఖ్య, చదువు పత్రాలన్నీ దాని కిందికి చేరతాయి. సర్టిఫికెట్లు చేరనివ్వండి. అధ్యాయం అధ్యాయానికీ వచ్చే శాతాలను మాత్రం ఎప్పటికీ ఆ సంఖ్యకు కట్టకండి. అవి ఆ క్లాసు టీచరుకు కనపడాలి, పిల్లకు కనపడాలి, పిల్ల అడిగితే ఇంట్లోవాళ్ళకు కనపడాలి. పైకి వెళ్ళేది బడి మొత్తం మీద ఏ అధ్యాయం దగ్గర ఎంతమంది ఆగారన్న లెక్క, పేర్లు లేకుండా. ఏప్రిల్‌లో పరీక్షలు అయిపోయాక పాత శాతాలు తుడిచేసి, జూన్‌లో బడి తెరిచినప్పుడు మళ్ళీ కొలవండి. వలస వెళ్ళొచ్చిన పిల్లలకు కొలిచే ముందు వారం రోజులు గడువివ్వండి, ఆ వారం మేం వాళ్ళ పక్కన కూర్చుని పాత లెక్కలు చేయిస్తాం.